సొట్ట జనం దిక్కు

చింతపండు పిసికి ఇత్తడికి పట్టించినప్పుడు వచ్చే వాసన ఒకటుంది. పులుపు, లోహం, తడి బూడిద మూడూ కలిసి ముక్కులో చాలాసేపు కూర్చుంటాయి. మొన్న మంగళవారం కోదాడలో మా బోళ్ల దుకాణం షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒకావిడ సంచిలో ఇత్తడి బిందె పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంటి దగ్గరే తోమి తెచ్చినట్టుంది, సంచి మూతి విప్పగానే ఆ వాసన గుప్పుమంది. పాతది తీసుకుని కొత్త స్టీలు బిందె, దానితోపాటు రెండు గిన్నెలు ఇమ్మంది. త్రాసు మీద పెట్టకముందే నా కుడిచెయ్యి, నన్నడక్కుండానే, బిందె లోపలికి వెళ్ళి గోడ వెంబడి తడుముకుంటూ తిరగడం మొదలుపెట్టింది. గల్లా దగ్గరున్న మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అయిపోయింది. ఇంక ఈ బేరం సాయంత్రం దాకా తెమలదు," అన్నాడు.

ఆయన విసుగులో న్యాయం ఉంది. కాని బిందెలోకి వెళ్ళిన ఆ చెయ్యి నాది కాదు, విఠల్ సార్‌ది. మీరు ఆయన్ని చూసి ఉండరు. మిర్యాలగూడలో పాత బంగ్లా ఒకదానిలో రెండు గదుల మ్యూజియం పెట్టి, కొన్నేళ్ళు నడిపి, ఒక్క సన్మానం కూడా చేయించుకోకుండా వెళ్ళిపోయిన మనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో పెన్నుతోపాటు ఎప్పుడూ ఒక పాత పళ్ళ బ్రష్షు పెట్టుకుని తిరిగేవాడు. కొత్తవాళ్ళు ఆ బ్రష్షు చూసి ఈయనకు పళ్ళ జబ్బేదో ఉందనుకునేవాళ్ళు. అది విగ్రహాల సందుల్లో దుమ్ము దులపడానికి.

ఆయన దగ్గరికి నేను వెళ్ళేనాటికి నాకు రెండే విద్యలు వచ్చు, రెండూ మా నాన్న నేర్పినవే. మాది సూర్యాపేట. నాన్నది బోళ్ల దుకాణం, పెదనాన్నది బట్టలు, మేనమామది కిరాణం. పండక్కి అందరం కలిస్తే ఆ గదిలో ఎవరూ ఎవరికీ ఏదీ అమ్మలేని పరిస్థితి. పాత సామాను కొనేటప్పుడు ఎట్లా చూడాలో నేను ఏడో తరగతిలో ఉండగానే నాన్న చెప్పాడు. "మెచ్చుకోకు బిడ్డా. మెచ్చుకున్నవంటే పోయినవ్. తప్పులు చెప్పు. ఒకటి తర్వాత ఒకటి చెప్పు. మూడోదానికి వాళ్ళే దిగొస్తరు." అట్లా సొట్టలు, చిల్లులకు అతికిన మాట్లు, వంగిన అంచులు, అరిగిన అడుగులు చూడటం నాకు ఊపిరి పీల్చినంత సులువైపోయింది. నన్ను చూసుకోవడానికి వచ్చిన మొదటి పెళ్ళికొడుకు ఎడమ చెవి కుడి చెవికన్నా కిందికుందని అందరి ముందూ అన్నాను. ఆ సంబంధం అక్కడే ఆగిపోయింది. రెండో విద్య, కథలు నమ్మకపోవడం. పాత సామాను తెచ్చినవాళ్ళు తప్పకుండా ఒక కథ తెస్తారు. ఇది మా అమ్మమ్మ పుట్టింటిది, ఇది మా తాత కాశీ నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చింది అంటారు. కథ వినాలి, తల ఊపాలి, ధర మాత్రం త్రాసును అడగాలి. నా కొంప ముంచింది ఈ రెండో విద్యే.

డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని ఉంటే, మిర్యాలగూడలో కొత్తగా తెరవబోయే మ్యూజియానికి పల్లెలు తిరిగి పాత వస్తువులు సేకరించే మనిషి కావాలని తెలిసింది. బస్సెక్కి వెళ్ళాను. విఠల్ సార్ నా సర్టిఫికెట్లు తెరవలేదు. బల్ల మీద అయిదు మూతుల ఇత్తడి దీపపు సెమ్మె ఉంది. "దీని గురించి చెప్పమ్మా," అన్నాడు. ఉద్యోగం సంగతి ఒక్క క్షణం మర్చిపోయి ఆయన దాన్ని నాకు అమ్మబోతున్నాడనుకున్నాను. నోరు దానంతటదే లేచింది. "కాడ వంగింది సార్. అడుగున ఎవరిదో పేరుండె, గీకేసిండ్రు. అయిదు మూతులల్ల ఒక్కటే నల్లగ మాడింది, కడిగినా పోదు. దీనికి ఎక్కువ రాదు." ఆయన అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"ఒక్కటే ఎందుకు మాడింది?"

"రోజు ఒక్క వత్తే వెలిగించిండ్రు కావచ్చు. నూనె పిరం కద సార్."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "దీన్ని చాన మంది చూసిండ్రమ్మా. ఎంత అందంగ ఉన్నదో అన్నరు. నూనె పిరమని నువ్వొక్కదానివే అన్నవ్. సోమవారం నుంచి రా."

నా జీవితంలో నేను బేరమాడకుండా ఒప్పుకున్న జీతం అదొక్కటే. బస్సు సగం దూరం వచ్చాక గుర్తొచ్చి తల కొట్టుకున్నాను.

బేరం విషయంలో ఆయన పరమ పనికిరాని మనిషి. బంగ్లా ముందు జామపళ్ళ బుట్టతో ఒకామె కూర్చునేది. ఆమె ఎంతంటే అంత ఇచ్చి, పైగా ఏ ఊరు, తోట సొంతమా కౌలా, బుట్ట ఎవరు అల్లారు అని అడుగుతూ నిలబడేవాడు. పక్కన నిలబడటానికి నాకు సిగ్గుగా ఉండేది. "సార్, ఆమె మిమ్మల్ని చూసి రేటు పెంచుతున్నది," అని చెప్పాను ఒకరోజు. "తెల్సు. కాని ఆ బుట్ట అల్లిక చూసినవా? అంచు కాడ రెండు రకాల ఈతపుల్ల ఉన్నది. సగం వాళ్ళ అత్త అల్లిందట, చచ్చిపోతే మిగిలిన సగం ఈమె అల్లింది," అన్నాడు. నెల తిరిగేసరికి ఆ బుట్ట మ్యూజియంలో ఉంది. దానికి ఎంతిచ్చాడో నేను అడగలేదు, అడిగితే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు.

మ్యూజియం కమిటీకి పెద్ద ఒక రైసుమిల్లుల ఆసామి. మంచివాడే. బంగ్లా కప్పు బాగుచేయించింది ఆయనే, రెండు గదులకు రెండు బోర్డులు రాయించి మేకులు కొట్టించింది కూడా ఆయనే. ఒకదాని మీద 'కళ', రెండోదాని మీద 'చరిత్ర'. విగ్రహాలు, చెక్కడాలు, రంగుల బట్టలు మొదటి గదిలో, కత్తులు, ఫర్మానాలు, పాత ఫోటోలు రెండో గదిలో పెట్టాలని ఏర్పాటు. వినడానికి బాగానే ఉంటుంది. కాని విఠల్ సార్ పొద్దున్నే ఏదో ఒక వస్తువు చేతుల్లో పట్టుకుని ఆ రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తుండేవాడు, సంతలో తప్పిపోయిన మనిషిలాగా.

"నేను పనిచేసిన పెద్ద మ్యూజియంల కూడ ఇదే పంచాయితీ," అన్నాడు ఒకసారి. "కత్తేమో చరిత్ర, కత్తి పిడి మీది పువ్వేమో కళ అంటరు. కత్తిని నడుమకు కొయ్యమంటరా నన్ను? చేసినోని చెయ్యి ఉంటది వస్తువు మీద. వాడినోళ్ళ చెయ్యి గూడ ఉంటది. మొదటి చెయ్యి చూపెట్టి రెండోది దాస్తే అది నగల దుకాణం అయితది. రెండోది చూపెట్టి మొదటిది దాస్తే పోలీసు ఠాణా అయితది. దేశం చూపెడ్తమని బోర్డు రాసిండ్రు బయట. రేపు ఒక ముసలామె లోపలికొచ్చి, 'అంతా మంచిగున్నది నాయినా, ఇండ్ల మా అవ్వ ఏది' అంటే నేను ఏం చూపెట్టాలె?"

నాకు అప్పుడు ఆయన బాధ పూర్తిగా అర్థం కాలేదు. బోర్డు ఒకటి పీకేస్తే సరిపోయేదానికి ఇంత ఆలోచనేమిటి అనుకున్నాను. ఆయనకు కావలసింది బోర్డు పీకడం కాదు, ఆ గుమ్మంలో నిలబడగలిగే ఒక్క వస్తువు.

అది నిడమనూరు దాటాక ఒక తండాలో దొరికింది. కమ్లీబాయి అనే ముసలామె ఇంటి ముందు, నీళ్ళ కుండలు పెట్టే కడవంచ మీద బోర్లించి ఉంది, పాతకాలపు ఇత్తడి బిందె. మెడ చుట్టూ చిలకల వరుస చెక్కి ఉంది. ప్రతి చిలకా వెనక్కి తిరిగి తన వెనకున్న చిలకను చూస్తోంది. పదమూడు చిలకలు, ఏ రెంటి మెడ వంపూ ఒకేలా లేదు. నాకు గుండె జల్లుమంది, అందుకే మొహం చిట్లించాను. కమ్లీబాయికి డెబ్బై దగ్గరుంటాయి, చేతులకు ఎముక గాజులు. నాతో తెలుగులో మాట్లాడుతూ, మధ్యమధ్య లోపలున్న కోడలికి లంబాడీలో ఏదో చెప్పి నవ్విస్తోంది. నా గురించేనని తెలుస్తూనే ఉంది.

"అడుగున మాటు ఉందవ్వా," అని మొదలుపెట్టాను. "అంచు అరిగింది. ఇగ ఈ సొట్ట సూడు, పిడికిలి పట్టేంత ఉన్నది. ఇంత సొట్ట ఉంటే ఎవరు తీసుకుంటరు?"

"సొట్టకే ఎక్కువ ఇయ్యాలె బిడ్డా. బిందె చేసినోనిది. సొట్ట మాది."

నేను సొట్టను మళ్ళీ తడిమాను. ఆమె కథ మొదలుపెట్టింది. "సాగర్ కాల్వ తవ్వినప్పుడు మా యాడి, మా అమ్మ, మట్టి మోసింది. నీళ్ళొస్తయి నీళ్ళొస్తయి అని ఏండ్లకేండ్లు చెప్పిండ్రు, ఎవ్వరు నమ్మలే. ఒకనాడు నిజంగనే ఇడిసిండ్రు. తండ తండంత బిందెలు పట్టుకొని ఉరికింది. నేను యాడి కొంగు పట్టుకొని ఉరికిన. గట్టు మీద కాలు జారి పడ్డది, బిందె పోయి గట్టు రాయికి తాకింది. పెండ్లిల పెట్టిన బిందె. ఏడుస్తదనుకున్న. నీళ్ళల్ల కూసొని నవ్వింది, ఇంటికొచ్చేదాక నవ్వింది. మా నాయిన సొట్ట తీపిస్తనంటే తిట్టింది. నీళ్ళొచ్చిన గుర్తు, ముట్టద్దన్నది." లేచి బిందెను నడుమున పెట్టుకుని చూపించింది. సొట్ట సరిగ్గా నడుము ఎముక మీద కూర్చుంది, దాని కోసమే చేసినట్టు. "సూడు, జారదు. మా యాడి, నేను, నా బిడ్డ, అందరం ఇట్లనే మోసినం."

నేను విన్నాను. తల ఊపాను. ఒక్క ముక్క నమ్మలేదు. చక్కగా అల్లిన కథ, అంతే, అనుకున్నాను. చివరికి ఆమె డబ్బు అసలు వద్దంది. బిందె అమ్మదట, చూపించడానికి ఇస్తుందట. ఒక్కటే షరతు. "సొట్ట జనం దిక్కు ఉండాలె. గోడ దిక్కు తిప్పిండ్రని తెలిసిందనుకో, ఆ రోజే వచ్చి తీస్కపోత. మొదటి రోజు నేనొస్త సూసేటందుకు." దుకాణాల్లో పెరిగినదానికి ఇంతకన్నా లాభసాటి బేరం ఏముంటుంది? పైసా లేకుండా పదమూడు చిలకలు. బస్సులో బిందెను ఒళ్ళో పెట్టుకుని నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను.

విఠల్ సార్ దాన్ని చూసి కుర్చీలో కూర్చుండిపోయాడు. బ్రష్షు తీయలేదు, ఊరికే చూశాడు. "సొట్ట ఎట్ల పడ్డదట?" అన్నాడు. "నీళ్ళ కాడ జారిందట సార్," అన్నాను. అబద్ధం కాదు, కాని కథంతా తీసేసి తూకం మాత్రం చెప్పాను. ఆయన మర్నాడే అద్దాల పెట్టెల కోసం హైదరాబాద్ వెళ్ళాడు. వారం దాకా రానని, బిందె జాగ్రత్త అని నాకు అప్పజెప్పి వెళ్ళాడు.

ఆ వారంలోనే కమిటీ పెద్దాయన వచ్చి చూశాడు. కోపంగా ఏమీ అనలేదు. బిందె చుట్టూ ఒకసారి తిరిగి, "మంచి పనితనమే అమ్మా. కాని దేశచరిత్ర సూడనీకి జనం వస్తే సొట్టబిందె పెడ్తమా? మన జిల్లకు మంచి బిందె కూడ లేదనుకుంటరు," అన్నాడు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకంటే అది మా నాన్న మాట. సరుకు అంగట్లో పెట్టేముందు తోమాలి, సొట్టలు తీయాలి, అప్పుడే వాకిట్లో పెట్టాలి. ఆదివారం బిందెను గోనెసంచిలో చుట్టి సూర్యాపేట బస్సెక్కాను. మా దుకాణం వెనక సలీం చిచ్చా ఉంటాడు, మాకు ముప్ఫై ఏళ్ళుగా సొట్టలు తీసే మనిషి. లోపల ఇనుప గుండు ఆనించి, బయట చెక్క సుత్తితో చిన్నచిన్నగా కొడుతూ, గంటలో బిందె కడుపును నున్నగా చేసేశాడు. "పెండ్లికూతురు లెక్క అయింది బేటీ," అన్నాడు. నేనే చింతపండు పెట్టి తోమాను. చిలకలు బంగారంలా మెరిశాయి. షరతు గుర్తు రాలేదా అని మీరడగొచ్చు. వచ్చింది. బేరంలో చెప్పే ప్రతి షరతూ నిజమనుకుంటే ఏ దుకాణమూ నడవదని దాని నోరు నేనే మూయించాను.

విఠల్ సార్ తిరిగొచ్చిన రోజు బిందెను కిటికీ పక్కన, ఎండ పడేచోట పెట్టాను. మెచ్చుకుంటాడని వాకిట్లోనే నిలబడ్డాను. ఆయన చూశాడు. దగ్గరికి వెళ్ళి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని లోపలికి పోనిచ్చి, సొట్ట ఉండిన చోట ఆపాడు. చాలాసేపు తీయలేదు. అప్పుడు, నా ఉద్యోగం రోజున అడిగినంత మెల్లగానే అడిగాడు.

"దీంట్ల తప్పులు చెప్పమ్మా."

చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. "ఏం లేవు సార్," అన్నాను.

"ఆమె ఏమన్నదో ఇప్పుడు మొత్తం చెప్పు."

చెప్పాను. కాల్వ, గట్టు, నవ్వు, నడుము, షరతు అన్నీ చెప్పాను. కథను కథలాగా చెప్పడం నాకు అదే మొదటిసారి. చెబుతుంటే అది నిజమని నాకే తెలిసిపోయింది. సొట్ట నడుము మీద ఎంత చక్కగా కూర్చుందో కళ్ళారా చూశాను కదా, అబద్ధం అట్లా కుదరదు. సార్ బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. టిఫిను డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని బాకీ తీర్చుకునేదాన్ని. ఆయన ఆ సౌకర్యం ఇవ్వలేదు.

సలీం చిచ్చాకు ఫోను చేశాను. "మళ్ళ సొట్ట పెట్టాల్నా? ఒక్క దెబ్బ బేటీ, పట్టుకరా," అన్నాడు నవ్వుతూ. సార్‌కు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ దెబ్బ కొట్టింది కాల్వ గట్టు రాయి. సలీం కాదు. పోయి ఆమెకు చెప్పి రా."

వెళ్ళాను. నిడమనూరులో బస్సు దిగి, హోటల్లో చాయ్ తాగి, ఇంకొక చాయ్ తాగి, ఎదురు బస్సెక్కి వచ్చేశాను. "ఇంట్ల లేదు సార్," అన్నాను. ఆయన నా చెప్పుల వంక చూశాడు. తండా దారంతా ఎర్రమట్టి. నా చెప్పులకు మరక లేదు. వస్తువులను చదివే మనిషికి అబద్ధం చెప్పాలంటే చెప్పులు కూడా సర్దుకోవాలని అప్పుడు తెలిసింది. ఆయన మాత్రం, "అయితే లేబుల్ రాయి," అని కాగితాలు నా ముందుకు జరిపాడు.

మొదట రాశాను: ఇత్తడి బిందె, మెడ చుట్టూ పదమూడు చిలకలు. "ఇది మొదటి బోర్డు మాట. రెండో బోర్డుదేది?" అన్నాడు. కాల్వకు నీళ్ళు వదిలిన రోజు దీనికి సొట్ట పడిందని చేర్చాను. "చూసేటోడు సొట్ట ఏదని వెతుకుతడు గద." కాలక్రమంలో సొట్ట తొలగిపోయిందని రాశాను. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉంది, పుస్తకాల్లో వాక్యంలా వచ్చిందని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కాలానికి సుత్తె ఉన్నదా అమ్మా?" అన్నాడు. నాలుగోసారి, సొట్ట తీయించింది నేనేనని నా పేరు పెట్టి రాశాను. ఆయన చదివి, నా పేరు కొట్టేసి, దాని మీద 'మ్యూజియం వాళ్ళం' అని రాశాడు. "బిందె అప్పజెప్పి ఊరికి పోయింది నేను," అన్నాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించి, రెండు గదుల మధ్య గుమ్మంలో, మనిషి పక్కకు ఒరిగి నడవాల్సినంత అడ్డంగా, ఒక పీట బిగించి బిందెను దాని మీద పెట్టించాడు.

ప్రారంభం రోజు పొద్దున కమిటీ పెద్దాయన తెల్లబట్టల్లో, నలుగురితో వచ్చాడు. మొదటి గది చూసుకుంటూ గుమ్మం దాకా వచ్చి టక్కున ఆగాడు. "ఇదేంది విఠల్? ఖాళీ బిందె ఎదురు పెట్టినవ్? శుభమా అని లోపలికి పోతుంటే," అన్నాడు. ఆయన వెనకున్నవాళ్ళూ ఆగిపోయారు. నిజమే, మా వైపు ఖాళీ బిందె ఎదురొస్తే పెళ్ళిచూపుల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి కాసేపు కూర్చుంటారు. అంత చదివిన సార్‌కు ఇది తట్టలేదు, దుకాణంలో పెరిగిన నాకూ తట్టలేదు. సరిగ్గా ఆ గడబిడలోనే ఆటోలో నలుగురు ఆడవాళ్ళతో కమ్లీబాయి దిగింది. పాతకాలపు అద్దాల రవిక, కాళ్ళకు కడియాలు. పెద్దమనుషులను మోచేత్తో పక్కకు జరుపుకుంటూ నేరుగా గుమ్మం దగ్గరికి వచ్చింది. బిందె చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. వంగి గోడవైపు కూడా చూసింది.

"నా సొట్టేది?"

సార్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన నోరు తెరిస్తే నేరం తనమీద వేసుకుంటాడని నాకు తెలుసు. "అవ్వా, దీని మీద రాసినం. నేను చదువుత," అన్నాను. కమ్లీబాయికి చదువు రాదు. నేను లేబుల్ వైపు తిరిగి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పదమూడు చిలకల సంగతి చదివాను. మట్టి మోసిన తల్లి, నీళ్ళొచ్చిన రోజు, గట్టు మీది రాయి, నవ్వు, మూడు తరాల నడుములు, అన్నీ చదివాను. కింది వరసకు వచ్చేసరికి అక్కడ సార్ రాసిన మాట ఉంది. దాన్ని వదిలేశాను. "ఆ సొట్టను నేను తీపించిన అవ్వా. నువ్వు చెప్పింది నేను నమ్మలే. మొన్న చెప్పుదామని బస్సెక్కి, భయమై నడుమలకెల్లి తిరిగొచ్చిన," అన్నాను. ఇది లేబుల్ మీద లేదు.

ఆమె నా మొహం వంక చూడలేదు. బిందెను పీట మీది నుంచి ఎత్తి, అంతమంది ముందు, నడుమున పెట్టుకుంది. జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం అప్పుడు చూశాను. మ్యూజియం వస్తువును ముట్టకూడదని అక్కడ ఎవరికీ, అసలు ఆ రూలు రాసిన సార్‌కు కూడా, గుర్తు లేదు. ఆమె బిందెను తిరిగి పీట మీద పెట్టి, "నీళ్ళేడున్నయి?" అంది. సార్ తానే వెళ్ళి కుండలోంచి చెంబులతో తెచ్చి పోశాడు, మెడ దాకా. బిందె నిండింది. కమిటీ పెద్దాయన మొహం విప్పారింది, "ఇగ మంచిగున్నది," అనుకుంటూ నిండుబిందె పక్కనుంచి ఒరిగి చరిత్ర గదిలోకి వెళ్ళిపోయాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళూ, కమ్లీబాయితో దిగిన ఆడవాళ్ళూ వెళ్ళారు.

మేము ముగ్గురం మిగిలాం. ముందు కమ్లీబాయే చూసింది. నున్నగా చేసిన ఆ కడుపు మీద, సొట్ట ఉండిన చోటే, వెంట్రుకంత గీత వెంట తడి ఊరింది. ఒక చుక్క పేరుకుని, ఎత్తయి, జారి, పీట మీద పడింది. తర్వాత ఇంకొకటి. సాగదీసి కొట్టినచోట లోహం పల్చబడి చీలిందన్నమాట. అంతవరకూ కారని బిందె.

ఆమె తడిని వేలితో తుడిచి, వేలిని చూసుకుంది. "సూసినవా బిడ్డా. నువ్వు మర్సిపొమ్మన్నవ్. అది మర్వలే," అంది. తర్వాత నవ్వింది. వాళ్ళ యాడి నీళ్ళల్లో కూర్చుని ఎట్లా నవ్విందో నాకు అప్పుడు తెలిసింది. నేను మాత్రం ఏడ్చాను, సిగ్గు లేకుండా, బోర్డు కింద నిలబడి.

బిందె తీసుకుపోతుందనే అనుకున్నాం. ఆమె తీసుకుపోలేదు. చుక్క పడే వైపును వాకిలి దిక్కు తిప్పి పెట్టి, "రోజు నీళ్ళు పోయాలె," అంది.

"రోజు పోస్తే ఇత్తడి చెడిపోతదవ్వా. ఏడాదికొక్కసారి నువ్వొచ్చి పొయ్యి," అన్నాడు సార్.

"నెలకోసారి."

"ఏడాదికొక్కసారి."

"నాలుగు సార్లు. ఆటో కిరాయి నీది."

"రెండు సార్లు," అన్నాడు సార్. ఆయన జీవితంలో గెలిచిన ఒకే ఒక్క బేరం అదేననుకుని నాకు ముచ్చటేసింది. ఆటో ఎక్కుతూ కమ్లీబాయి నా చెవిలో, "నేను ఒక్కసారికే ఒప్పుకుందునే," అంది.

ఆమె ఆరేళ్ళు వచ్చింది, ఏడాదికి రెండుసార్లు. తర్వాత ఆమె మనవరాలు వస్తోంది. బోర్డులు రెండూ ఇప్పటికీ ఉన్నాయి, కాని బిందె చుట్టూ తిరగకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎవరూ వెళ్ళలేరు. విఠల్ సార్ పోయినప్పుడు నేను కోదాడ నుంచి వెళ్ళేసరికి ఆలస్యమైంది. వాళ్ళ అబ్బాయి ఏదైనా గుర్తుగా తీసుకొమ్మంటే జేబులోని పళ్ళ బ్రష్షు అడిగాను. వెంట్రుకలన్నీ ఒక పక్కకే వాలి ఉన్నాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి, అన్నేళ్ళు పక్కన పనిచేసి నేను ఏనాడూ గమనించలేదు. బ్రష్షు చెప్పింది.

మొన్న మంగళవారం ఆవిడ బిందెలో నా చెయ్యి ఒకచోట ఆగింది. అంచుకు కాస్త కింద, బొటనవేలంత సొట్ట. "ఇదెట్లా పడిందండీ?" అన్నాను. ఆవిడ అనుమానంగా చూసింది. "సొట్టకి తగ్గిస్తారేమో, ముందే చెబుతున్నాను, ఒప్పుకోనండీ," అంది. తగ్గించనన్నాను, ఊరికే అడిగానన్నాను. మా ఆయన పైకప్పు వంక చూశాడు. ఆవిడ బిందెను తన దగ్గరికి జరుపుకుంది. "మా తమ్ముడండీ. చిన్నప్పుడు మంచం మీద నుంచి దీని మీద పడ్డాడు. దెబ్బ తగిలిందేమోనని అందరూ వాడికోసం పరిగెత్తితే, వాడు బిందెని పట్టుకుని ఏడ్చాడు, దానికి సొట్ట పడిందని." అక్కడితో ఆగింది. తమ్ముడు ఇప్పుడెక్కడున్నాడని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. కొంగు చివరతో సొట్టను ఒకసారి తుడిచి, బిందెను మళ్ళీ సంచిలో పెట్టుకుని, మూతి ముడి వేసుకుంది.

"స్టీలు బిందె ఇంకోసారి చూస్తానండీ," అని మెట్లు దిగింది.

"ఈ నెలలో ఇట్లా వెనక్కి పోయిన మూడో బిందె ఇది," అన్నాడు మా ఆయన పేపరు తెరుస్తూ. చెయ్యి వాసన చూసుకున్నాను. చింతపండు వాసన ఇంకా పోలేదు.